ముందు ఆ గుంటని సెట్టు దింపు బాబూ

మొన్న పొద్దున్న మైకు కట్టిన జీపొకటి మా వీధిలోకి వచ్చింది. లోపల గొంతు బాగున్న కుర్రాడెవరో "మన్యం చరిత్రలో తొలిసారిగా, మన అరకు లోయలో సాహిత్య ఉత్సవం! రచయితలతో ముఖాముఖి! తరలి రండి!" అని అరుస్తున్నాడు. నేను అరుగు మీద కూర్చుని చోడి అంబలి తాగుతున్నాను. "తొలిసారిగా" అన్న మాట చెవిన పడగానే గిన్నె కింద పెట్టేశాను. చేతికర్ర పుచ్చుకుని జీపు వెనకాల వీధి చివరిదాకా వెళ్ళాను, ఆపితే అడుగుదామని. ఆపలేదు. ఆ సాయంత్రం ఉత్సవం తాలూకు అమ్మాయి ఒకతె ఇంటికే వచ్చింది. మంచి పిల్ల. కరపత్రం ఇచ్చి, "తాతగారూ, మీరు ముందు వరసలో కూర్చోవాలి. మన పాతకాలపు ఆచారాల గురించి రెండు నిమిషాలు మాట్లాడాలి" అంది. రెండు నిమిషాలట! "ఈ కొండల్లో రచయిత వచ్చి మాట్లాడిన మొదటి సభ నాకు ఇరవై రెండేళ్ళప్పుడు జరిగింది, చెప్పమంటావా?" అన్నాను. ఆ పిల్ల చేతి గడియారం చూసుకుంది. అందుకని ఇలా కాగితం మీద పెడుతున్నాను. కాగితం గడియారం చూసుకోదు.

అప్పటికి మా సంత ఊళ్ళో పెంకుటిళ్ళు రెండే. ఒకటి డిప్టీగారి, అంటే డిప్టీ తాసీల్దారుగారి, కచేరీ, రెండోది నేను పనిచేసే షావుకారుది. షావుకారు చింతపండు బేరానికని మైదానం నుంచి కొండెక్కి వచ్చి, ఇక్కడి చలికి అలవాటు పడి ఉండిపోయిన మనిషి. ఆయన కొట్లో కాటా నాది. చింతపండు, పసుపు, పిప్పళ్ళు తూచేవాణ్ణి. నాకు చదువు వచ్చింది కూడా ఆ కొట్లోనే, పొట్లాల కాగితాల మీద. చిరిగిన పత్రికలూ, అట్టలూడిన పుస్తకాలూ కిందనుంచి మోపులుగా వచ్చేవి. షావుకారుకి ఏ కాగితమైనా పైకి చదివితే గానీ పొట్లం కట్టే అలవాటు లేదు. పావు వీశె మిరపకాయలకి వచ్చినవాడు కూడా సగం వ్యాసం వినిగానీ పోయేవాడు కాడు. ఆయన వేలు ఏ అక్షరం మీద ఉందో, నోట్లోంచి ఏ మాట వస్తోందో చూస్తూ చూస్తూ నేర్చుకున్నాను. ఊళ్ళో బడి లేక కాదు. కచేరీ గుమాస్తాల పిల్లలకీ, వ్యాపారుల పిల్లలకీ బడి ఉండేది. కొండవాడినని పంతులుగారు నన్ను దాని అరుగు కూడా ఎక్కనివ్వలేదు. వాన పడుతున్న రోజున కూడా ఎక్కనివ్వలేదు. ఎనభై దాటాను, ఇంకా ఆ మాట కోపంతోనే రాస్తున్నాను. చల్లారబెట్టుకునే ఉద్దేశం నాకు లేదు.

షావుకారు తన కొట్టు పక్కన పెద్ద పాక ఒకటి వేయించి, బీరువాడు పుస్తకాలూ రెండు బల్లలూ పెట్టించాడు. "పఠన మందిరం" అని బోర్డు రాసింది నేనే. మా కొండవాళ్ళు దాన్ని సదువుల పాక అనేవారు. తాళంచెవి నా మొలతాడుకి ఉండేది. సంత రోజున జనం సరుకు అమ్ముకుని నీడకి వచ్చి కూర్చుంటే నాకు తోచిన పత్రిక ఏదో చదివి వినిపించేవాణ్ణి. నాకు ఇంకో బడి లేదు, ఇంకో గుడీ లేదు. అలాంటి పాక మీద డిప్టీగారి కన్ను పడింది. సర్కారు గుడారాలు వానకి తడిసిపోతున్నాయట, పెట్టుకోవడానికి చోటు కావాలట. "కొండవాళ్ళకి పుస్తకాలెందుకయ్యా?" అన్నాడు. కొండల్లో అలజడి అణిగి, సిపాయిలు దిగిపోయి ఎన్నాళ్ళో కాలేదు. నలుగురు ఒకచోట చేరితే కచేరీలో లెక్కపెట్టే రోజులవి. షావుకారు చేతులు కట్టుకుని ఒక్క అవకాశం అడిగాడు: పఠన మందిరం వార్షికోత్సవం చేస్తాం, పెద్ద రచయితని పిలిపిస్తాం, తమరే అధ్యక్షులు, కొండవాళ్ళు వచ్చి వింటే పాక ఉంచండి, లేదా గుడారాలు పెట్టుకోండి. డిప్టీగారికి అధ్యక్షత అంటే మోజు. సరేనన్నాడు. "కానీ వాళ్ళకి అర్థమవుతోందా లేదా అన్నది నా కళ్ళతో చూస్తాను" అన్నాడు.

రాబోయే రచయిత నవల మా బీరువాలోనే ఉంది. నేను నాలుగుసార్లు చదివాను. అందులో కథానాయిక కొండ పిల్ల. మైదానం నుంచి వచ్చిన జమీందారు కొడుకు, ఇప్పచెట్టు కొమ్మ మీద నిలబడి పూలు కోస్తున్న ఆ పిల్లని చూసి మనసు పారేసుకుంటాడు. మొత్తం పుస్తకం ఆ కొమ్మ మీదనుంచే మొదలవుతుంది. ఆ పేజీ నాకు కంఠస్థం. ఆయన రెండు రోజులు బండి ప్రయాణం చేసి శృంగవరపుకోట మీదుగా ఘాటీ ఎక్కి వస్తున్నాడని తెలిసిన దగ్గర్నుంచి నాకు అన్నం సయించలేదు. చింతపండు తూస్తూ రాయి ఒక పళ్ళెంలో, చింతపండు కూడా అదే పళ్ళెంలో వేశాను. పుస్తకం రాసిన మనిషికి కాళ్ళూ చేతులూ ఉంటాయనీ, ఆయన దిగి మా ఊరి బురదలో నిలబడతాడనీ ఊహించుకుంటే ఒళ్ళు జలదరించేది.

ఆయన దిగాడు. చైత్రమాసపు ఎండలో మెడకి ఉన్ని మఫ్లరు చుట్టుకుని దిగాడు, మన్యం జ్వరం మెడలోంచి దూరుతుందని ఎవరో చెప్పారట. వెంట సొంత మరచెంబు, అందులో కాచిన నీళ్ళు, జేబులో క్వినైన్ సీసా. పాకకి మామిడి తోరణం కడుతున్న నన్ను పిలిచి, "ఏమోయ్, ఇక్కడ పులులు పగలు కూడా తిరుగుతాయా?" అని అడిగాడు. "సంత రోజు రావండి, జనమంటే భయం వాటికి" అన్నాను. దాన్ని ఆయన చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. నా నోటి మాట ఒక రచయిత రాసుకోవడం! ఆ పూట మరి నా కాళ్ళు నేల మీద లేవు.

సభ సంత రోజునే పెట్టాం, పనస చెట్ల కింద, మధ్యాహ్నం మూడింటికి. జనం రారేమోనని షావుకారు వణికిపోయాడు గానీ, అమ్మకాలు కాగానే ఆడామగా బుట్టలతో సహా వచ్చి కూర్చున్నారు. ముందు వరసలో మా మేనత్త. మా చుట్టుపక్కల గూడేల్లో కథ చెప్పడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. తెల్లవారుజామున ఏరిన ఇప్పపూల బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, సభంతా ఆ తియ్యటి మగ్గిన వాసన. ఇక్కడే పంతులుగారు కొంప ముంచాడు. సభా మర్యాద నేర్పుతానని బయల్దేరి, బెత్తం పట్టుకుని వరసల మధ్య తిరుగుతూ, "పెద్దాయన మాట్లాడుతున్నంతసేపూ ఒక్కడు నోరు మెదపకూడదు. దగ్గు వచ్చినా మింగెయ్యాలి" అని హెచ్చరించాడు. అందరూ తలలూపారు.

ఇందులో ముంచుకొచ్చిన ప్రమాదమేమిటో చెప్పాలి. మా కొండల్లో కథ చెప్పేవాడు ఒక్కడే ఉంటే అది కథ కాదు. ఎదురుగా ఊ కొట్టేవాడు కూర్చోవాలి. మైదానంలోనూ పిల్లలు ఊ కొడతారు, తెలుసు. మాకు అది పిల్లల సరదా కాదు. ప్రతి మాటకీ ఊ అంటేనే చెప్పేవాడు ముందడుగు వెయ్యాలి. కథ తప్పుదోవ పడితే ఊ కొట్టేవాడు "ఊహూ" అంటాడు. అన్నాడా, చెప్పేవాడు నోరుమూసుకుని వెనక్కి వెళ్ళి, తప్పు దిద్దుకుని మళ్ళీ రావాలి. మా అత్తకి చిన్నప్పటినుంచీ ఊ కొట్టినవాణ్ణి నేను. ఊ లేకుండా ఎవరైనా ఏకబిగిని మాట్లాడుతున్నారంటే మావాళ్ళ లెక్కలో ఆ మనిషి తనతో తానే మాట్లాడుకుంటున్నాడు. అలాంటప్పుడు వినడం మర్యాద కాదు.

రచయితగారు లేచి, మఫ్లరు సర్దుకుని, "ఓ సభాసదులారా! గిరిశిఖర సీమావాసులారా!" అని మొదలుపెట్టాడు. కాగితం చూసి చదవడం. నాకు కొంత అర్థమైంది, షావుకారుకి సగం, డిప్టీగారికి ఎంతో ఆయనకే తెలియాలి. జనం కొయ్యబొమ్మల్లా కూర్చున్నారు. కొందరు మర్యాదగా అటుకేసి చూడటం కూడా మానేశారు. ఆయన ఒక పేజీ చదివి తలెత్తాడు. నిశ్శబ్దం. రెండో పేజీ చదివి తలెత్తాడు. పనసాకు రాలి పడితే వినపడింది. ఆయన గొంతులో నీరసం వచ్చింది. మా అత్త నా మోకాలు పొడిచి, "అల్లుడా, ఆ బాబు ఎవులికి సెప్తన్నాడ్రా? ఎదర ఊ కొట్టీవోడే లేడు. పాపం, మతి గానీ పోనాదేటి?" అంది గుసగుసగా. అదే సమయంలో డిప్టీగారు కుర్చీలోంచి షావుకారు వైపు వంగి అన్న మాట నా చెవిన పడింది: "చూశావా? రాళ్ళకి చెప్పినట్టుంది. రేపు బీరువా ఖాళీ చేయించెయ్యి."

షావుకారు మొహం చూశాను. కొట్టులో ఎంత నష్టం వచ్చినా ఆ మొహం అలా అవడం నేను చూడలేదు. పంతులు బెత్తం చూశాను. మొలతాడుకి ఉన్న తాళంచెవి తడుముకున్నాను. రచయిత అప్పుడే కాగితం మీంచి తన నవల సంగతికి వచ్చాడు: "ఒకానొక గిరిగ్రామమున ఒక కన్యక కలదు" అన్నాడు. నేను లేచి నిలబడి, నాకున్న గొంతంతా పెట్టి "ఊ" అన్నాను.

పంతులు బెత్తం ఎత్తాడు. కానీ అప్పటికే నా వెనక, గట్టు తెగినట్టు, రెండువందల గొంతులు "ఊ!" అన్నాయి. అబ్బ, ఏం చప్పుడది! కాకులు లేచిపోయాయి. డిప్టీగారు కుర్చీలోంచి ఎగిరి నిలబడ్డాడు. ఆయన వెంట వచ్చిన ఇద్దరు జవాన్లూ లాఠీలు పట్టుకుని ముందుకొచ్చారు. రచయిత చేతిలో కాగితాలు జారిపోయాయి. "ఏమిటిది? ఎవరిచ్చారు సంజ్ఞ?" అని డిప్టీగారు గర్జించాడు. "సంజ్ఞ కాదండి బాబూ. కథ వింటున్నామని చెప్పడమండి. ఊ అనకపోతే వారు ముందుకి చెప్పకూడదండి, మేం వినకూడదండి. ఇందాకట్నించీ పంతులుగారు వద్దన్నారని నోరు కట్టుకుని కూచున్నారండి" అన్నాను.

అప్పుడు రచయితగారు, జారిపోయిన కాగితాలకేసి చూడకుండానే, మెల్లిగా మఫ్లరు విప్పి కుర్చీ మీద వేశాడు. "మా అమ్మ కూడా ఊ కొట్టకపోతే కథ చెప్పేది కాదు" అన్నాడు. ఆ ముక్క మామూలు మాటల్లో అన్నాడు. "కూచోండి డిప్టీగారూ" అని, జనానికి తిరిగి, "ఒక ఊళ్ళో ఒక పిల్ల ఉంది" అన్నాడు.

"ఊ!"

"దానికి నాన్న లేడు."

"ఊ!"

ఇంక చూడండి! ఆ మనిషికి పదేళ్ళ వయసు తగ్గిపోయింది. గిరిశిఖరాలూ, కన్యకలూ ఎటు పోయాయో! చేతులు తిప్పుతున్నాడు, నడుస్తున్నాడు, ముసలి జమీందారులా దగ్గుతున్నాడు. జనం ఊ కొట్టిన కొద్దీ ఆయన భాష కొండ దిగి నదిలో పడ్డట్టు పరిగెత్తింది. నేను ముందు నిలబడి ఊ కొడుతున్నాను, నా కళ్ళల్లో నీళ్ళు. నాకు కంఠస్థమైన పేజీ వస్తోందని తెలిసి మునివేళ్ళ మీద నిలబడ్డాను. వచ్చింది. "ఆ పిల్ల ఇప్పచెట్టెక్కింది. కొమ్మ మీద నిలబడి పూలు కోస్తోంది" అన్నాడు.

"ఊహూ" అంది మా అత్త.

ఆ వెనకే ఆడవాళ్ళందరూ "ఊహూ!" అన్నారు. రచయిత ఆగిపోయాడు. నా వైపు చూశాడు. మా అత్త బుట్ట పక్కన పెట్టి లేచింది. "ముందు ఆ గుంటని సెట్టు దింపు బాబూ, తరవాత కత సెప్పు. ఇప్పపువ్వు ఎవులైనా కోత్తారేటి? తెల్లారగట్ల దానంతటది రాలతాది, కింద ఏరుకుంతారు. సెట్టెక్కితే ఏటుంటాది, ఆకులా? అందరం ఏరుకుని ఇల్లకి పోయాక ఆ గుంట ఒక్కర్తీ పైన ఏటి సేత్తన్నాది?" అంది. వెనకనించి ఇంకొకావిడ, "కొమ్మ ఇరిగి నడుం పడిపోద్ది, బేగి దింపండి" అని అరిచింది. సభంతా నవ్వులు.

నేను మాత్రం నవ్వలేకపోయాను. నడక వచ్చిన దగ్గర్నుంచీ ఇప్పపూలు ఏరినవాణ్ణి నేను. ఆ నవల నాలుగుసార్లు చదివాను. ఒక్కసారి కూడా ఆ పిల్ల చెట్టు మీద ఏం చేస్తోందని అడగలేదు. అచ్చులో ఉంది కదా! అచ్చులో ఉంటే మా చెట్లే తప్పు పూస్తున్నాయని అనుకునే స్థితికి వచ్చేశానన్నమాట. ఒక్క అక్షరం రాని మా అత్త మొదటిసారి వింటూనే పట్టుకుంది. అంత సిగ్గు, అంత సంతోషం కలిపి నాకు మళ్ళీ ఎప్పుడూ కలగలేదు.

రచయితగారికి కోపం వస్తుందనుకున్నాను. ఆయన తల గోక్కున్నాడు. "అమ్మా, ఆ పిల్ల కొమ్మ మీద లేకపోతే కుర్రాడు చూడ్డానికి వీల్లేదు. చూడకపోతే నా కథే లేదు" అన్నాడు దీనంగా. మా అత్త జాలిపడింది. "లేకేటి? తెల్లారగట్ల పూలకి ఎలుగుబంటి కూడా వస్తాది. ఆ గుంటడు వచ్చీసరికి ఎలుగు ఉన్నాదని సెప్పు." రచయిత మొహం వెలిగింది. "ఆహా! అయితే కుర్రాడు ఆ ఎలుగుని చంపి పిల్లని రక్షించాడు!"

"ఊహూ!" ఈసారి మగాళ్ళు కూడా అన్నారు. కొండ పిల్లకి రోజూ చూసే ఎలుగంటే భయమేమిటి? దూరంగా తప్పుకుంటుంది, అంతే. భయపడవలసినవాడు మైదానం బాబు. "అయితే ఏం చేస్తాడు?" అన్నాడు రచయిత. వెనక వరసలోంచి ఒక ముసలాయన తాపీగా, "ఏటి సేత్తాడు? బాబే సెట్టెక్కేత్తాడు" అన్నాడు.

రచయిత కుర్చీ ఎక్కేశాడు! నిజంగా ఎక్కాడు. పంచె ఎగ్గట్టి, పైన ఏదో కొమ్మ పట్టుకున్నట్టు చేతులు పెట్టి, "జమీందారుగారి అబ్బాయి చెట్టెక్కాడు!" అన్నాడు. "ఊ!" "కిందకి చూశాడు!" "ఊ!" "ఆ పిల్ల నడుం మీద చెయ్యేసుకుని పకపకా నవ్వింది!" "ఊ! ఊ!" ఎలుగు కూడా చెట్టెక్కుతుంది కదా అని ఎవరో అనుమానం తెస్తే, మా అత్త దాన్నీ సర్దేసింది: కడుపునిండా ఇప్పపూలు తినేసి, మత్తెక్కి, చెట్టు మొదట్లోనే అడ్డంగా పడుకుందని. ఆ మాటకి డిప్టీగారు నవ్వాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. జవాన్లు లాఠీలు కింద పెట్టి గొంతుక్కూర్చున్నారు. చివర్లో ఒక ఊ నాకు కచ్చితంగా అధ్యక్షుల కుర్చీలోంచి వినిపించింది.

పొద్దు వాలుతోంది. గూడేలవాళ్ళు చీకటి పడకముందే అడవి దాటాలి. ఒక్కొక్కళ్ళే బుట్టలెత్తుకుని లేచారు. కథ సగంలో ఉంది, కుర్రాడు చెట్టు మీద, ఎలుగు కింద. మా అత్త తిన్నగా డిప్టీగారి ముందుకి వెళ్ళి నిలబడింది. ఆవిడ అంతవరకూ ఏ అధికారితోనూ మాట్లాడి ఎరగదు. "దొరా, ఆ బాబుని సెట్టు దింపీదాకా ఈ పాక ముయ్యించకండి. వచ్చే సంతకి వస్తాం" అంది. డిప్టీగారు గొంతు సవరించుకున్నాడు. "సరే, అతను దిగేదాకా" అన్నాడు డిప్టీగారు.

మర్నాడు పొద్దున్న రచయితగారు బండెక్కుతూ నన్ను పక్కకి పిలిచాడు. మెడకి మఫ్లరు లేదు. "నా పుస్తకంలో పిల్ల ఎలాగూ చెట్టు మీదే ఉండిపోయింది, అచ్చయిపోయింది, ఏం చెయ్యను. ఇక్కడి కథకి మాత్రం నేను కర్తని కాను. మిగతాది నువ్వు చెప్పు" అన్నాడు. బడి అరుగు ఎక్కనివ్వని పంతులుగారు పక్కనే నిలబడి ఆ మాట విన్నాడు. నేనెందుకు దాచాలి, వినేలా ఆయన్ని అక్కడికి నేనే జరిపాను.

తర్వాతి సంతకి జనం పాకలో పట్టలేదు. నేను చెప్పాను, మా అత్త ఊ కొట్టింది. కానీ కుర్రాణ్ణి దింపలేదు. దింపితే పాక పోతుందని నాకు తెలుసు, మా అత్తకీ తెలుసు. అందుకని ఆ కొమ్మ మీంచి అతనికి ఏమేం కనిపించాయో చెప్పేవాణ్ణి. ఒక వారం వలిసెపూలు పూసిన లోయ, ఒక వారం పెళ్ళివారు, ఒక వారం పక్క గూడెంలో పోట్లాట, ఒక వారం బెత్తం పట్టుకుని తిరిగే పంతులొకడు. జనం తమ ఊరి సంగతులు తెచ్చి, "మా ఊరు కూడా అగుపడతాదేటి ఆ కొమ్మ మీంచి?" అని అడిగేవారు. కొందరు వినాలని వస్తే, కొందరు చదువుకోవాలని వచ్చారు. డిప్టీగారు గుర్రం మీద పోతూ ఆగి, "ఏమయ్యా, దిగాడా?" అనేవాడు. "ఇంకా లేదండి, ఎలుగు లేవలేదండి" అనేవాణ్ణి. "అయితే ఉండనీ" అని వెళ్ళిపోయేవాడు. ఆయన బదిలీ అయ్యే ముందు గుడారాల కోసం వేరే రాతి గోదాం కట్టించాడు. ఆ వారమే సంతలో, జనమందరి ఎదుటా, నేను ఆ బాబుని నెమ్మదిగా నేల మీదకి దించాను. మా అత్త చాలాసేపు ఆలోచించి ఊ అంది.

కాలం ఎవరి కోసమూ ఆగదని చదువుకున్నవాళ్ళందరూ అంటారు. నేను దాన్ని రెండేళ్ళపాటు ఒక ఇప్పకొమ్మ మీద కూర్చోబెట్టాను. కాళ్ళు తిమ్మిరెక్కాయని అది ఒక్కసారి కూడా అనలేదు.